కూపం, సూపం, యూపం

‘గౌః’ అన్నప్పుడు అందులో మాట ఏది? పతంజలి మహాభాష్యం మొదట్లోనే వేసిన ప్రశ్న ఇది. గంగడోలు, తోక, మూపురం, గిట్టలు, కొమ్ములు ఉన్న ఆ జంతువే మాటా? కాదు, అది ద్రవ్యం. దాని కదలికా? కాదు, అది క్రియ. తెలుపో నలుపో అందామా? అది గుణం. ఇలా ఒక్కొక్కటే పక్కన పెట్టుకుంటూ వచ్చి, దేన్ని పలికితే గంగడోలూ తోకా మూపురమూ ఉన్న ఆవు మనసుకి తడుతుందో అదే మాట అని తేల్చాడు. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దపు ఆ తీర్పుతో ప్రశ్న ముగియలేదు, ఇంకో రూపంలో మొదలైంది. పలికినది గకారమూ ఔకారమూ విసర్గా. మూడింట్లో ఏ ఒక్కదానికీ ఆవుతో చుట్టరికం లేదు. మరి ఆవు ఎక్కడి నుంచి వచ్చింది? ఇవాళ మన ఊరి బడిలో ఒకటో తరగతి టీచరు బోర్డు మీద ‘క్యాట్’ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసి, ఒక్కోదాని కింద వేలు పెట్టి ‘క్, యా, ట్’ అని పలికించి, ‘కలిపితే ఏమైంది?’ అని అడుగుతోందంటే ఆమె అడుగుతున్నది ఆ ప్రశ్నే. ఇంగ్లీషు ధ్వనులు ఎలా నేర్పాలి, మాటల నిర్మాణం ఎలా నేర్పాలి అన్నది బోధనాపద్ధతికి చెందిన విషయంగానే మనం చూస్తున్నాం. దాని కింద ఒక తత్త్వ ప్రశ్న ఉంది: మాటలోని ముక్కలు నిజంగా ఉన్నాయా, మనం కల్పించుకున్నవా? ఆ ప్రశ్నకి మనం చెప్పుకున్న జవాబే, తెలిసో తెలియకో, తరగతి గదిలో పద్ధతిగా మారుతుంది.

ఈ విషయంలో మన శాస్త్రకారులు రెండు పక్షాలయ్యారు. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులది వర్ణపక్షం. శబరస్వామి తన భాష్యంలో ఉపవర్షుడి అభిప్రాయంగా చెప్పినది, ‘గౌః’ అంటే గకార ఔకార విసర్గలే, వాటికి మించి మాట అనే వేరే వస్తువేదీ లేదని. అయితే గకారం పలికి ఔకారానికి వచ్చేసరికి గకారం గాలిలో కలిసిపోయింది. మూడూ ఒక్క క్షణంలో ఎప్పుడూ కలిసి ఉండవు. దానికి శబరుడి సమాధానం: ముందు వర్ణాలు పోతూ పోతూ మనసులో సంస్కారాలు, అంటే ముద్రలు, మిగిల్చి పోతాయి, ఆ సంస్కారాలతో కూడిన చివరి వర్ణం అర్థాన్ని ఇస్తుంది. 7వ శతాబ్దపు కుమారిలభట్టు శ్లోకవార్తికంలో ఈ పక్షాన్ని గట్టిగా నిలబెట్టాడు. రెండో పక్షం వాక్యపదీయం రాసిన భర్తృహరిది, సుమారు 5వ శతాబ్దం. ఆయన దృష్టిలో మాట అఖండం, ఇంకా లోతుకి వెళితే వాక్యమే అఖండం. ప్రకృతి, ప్రత్యయం, వర్ణం అనేవి వ్యాకరణవేత్త ఆ అఖండం నుంచి విడదీసి చూపించినవి. ఆ విడదీయడానికి ఆయన పెట్టిన పేరు అపోద్ధారం. నెమలి గుడ్డులోని సొనలో పింఛం రంగులన్నీ విడివిడిగా లేకుండానే ఉన్నట్టు, పలకబోయే ముందు మాట మనసులో క్రమం లేకుండా ముద్దగా ఉంటుందని ఆ సంప్రదాయం చెప్పుకుంది.

ఫోనిక్స్ అనే పద్ధతి సరిగ్గా శబరుడి సిద్ధాంతం. పిల్లవాడు ‘క్’ అంటాడు, దాన్ని మనసులో పట్టి ఉంచుకుంటాడు, ‘యా’ అంటాడు, రెండింటినీ పట్టి ఉంచుకుంటాడు, ‘ట్’ అనేసరికి పిల్లి దూకుతుంది. దూకకపోతే సంస్కారం చాలలేదని మళ్ళీ మొదటి నుంచి. దీనికి ఎదురు నిలిచిన పద్ధతి, ముక్కలు వద్దు, కథలో, వాక్యంలో, అర్థం వెంట మాటను మొత్తంగా పట్టుకోనివ్వండి అంటుంది. అమెరికాలో ఈ రెండు పక్షాలూ 20వ శతాబ్దంలో సగానికి పైగా కొట్టుకున్నాయి. ఫోనిక్స్ మానేయడం వల్లే పిల్లలు చదవలేకపోతున్నారని 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ పుస్తకం రాశాడు. 1967లో కెన్నెత్ గుడ్‌మన్ చదవడమంటే అక్షరాలు కూడబలుక్కోవడం కాదు, అర్థాన్ని ఊహించుకుంటూ పోయే ఆట అన్నాడు. అదే ఏడాది జీన్ చాల్ సాక్ష్యాలన్నీ కూడదీసి, మొదట అక్షరమూ ధ్వనీ నేర్చుకున్న పిల్లలే మెరుగ్గా ఉన్నారని చూపించింది. భర్తృహరి పేరు విననివాళ్ళు భర్తృహరి పక్షాన, కుమారిలుడు ఎవరో తెలియనివాళ్ళు కుమారిలుడి పక్షాన వాదించారు. విన్నవాళ్ళు అయివుంటే ఒక మేలు జరిగేదని నా నమ్మకం. ముక్కలు నిజమా కాదా అన్న ప్రశ్ననూ, ముక్కలు నేర్పాలా వద్దా అన్న ప్రశ్ననూ వాళ్ళు ఒకటిగా కలిపేసుకునేవాళ్ళు కాదు. ఈ రెండూ వేరు. మొదటిదానికి కాదనీ, రెండోదానికి అవుననీ ఒకే మనిషి ఒకేసారి చెప్పవచ్చు. చెప్పాలనే నా వాదం.

ముందుగా ధ్వని సంగతి. అమెరికాలో హాస్కిన్స్ ప్రయోగశాలలో ఆల్విన్ లిబర్‌మన్ బృందం మాటను యంత్రంతో గీతలుగా దింపి ఏళ్ళ తరబడి పరీక్షించి, 1967లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో చెప్పిన విషయమేమిటంటే, ధ్వని ప్రవాహంలో ఇక్కడ హల్లు అయిపోయింది, ఇక్కడ అచ్చు మొదలైంది అని గీత గీయడానికి చోటు లేదు. హల్లుకి సంబంధించిన సమాచారం అచ్చులో కలిసిపోయి ఉంటుంది. అచ్చును కోసేసి హల్లును మాత్రమే వినిపిస్తే మాట బదులు పిట్ట కూతలాంటి చప్పుడు వస్తుంది. ఇందుకు యంత్రం కూడా అక్కర్లేదు. ‘కీ’ అనబోతూ ఆగితే పెదవులు సాగి ఉంటాయి, ‘కూ’ అనబోతూ ఆగితే సున్నా చుట్టి ఉంటాయి. ఇంకా పలకని అచ్చు అప్పుడే హల్లులోకి వచ్చి కూర్చుంది. మన లిపి కట్టినవాళ్ళకి ఇది తెలుసు. అందుకే క పక్కన ఇ రాయకుండా, కకారం ఒంటి మీదే గుడి పెట్టారు. మన వ్యాకరణాల్లో అచ్చులకు ప్రాణాలనీ హల్లులకు ప్రాణులనీ పేరుంది. ప్రాణం తీసేశాక ప్రాణి ఎక్కడ మిగులుతుంది?

చెవి సాక్ష్యం తరవాత మనసు సాక్ష్యం. 1979లో మొరై అనే పరిశోధకుడు, ఆయన సహచరులు పోర్చుగల్‌లో చదువురాని పెద్దవాళ్ళకీ, అదే రకం పేద పల్లెల్లో పుట్టి పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్ళకీ ఒక చిన్న పరీక్ష పెట్టారు. ఒక మాట చెప్పి, దాని మొదటి ధ్వని తీసేస్తే ఏం మిగులుతుందో చెప్పమన్నారు. అక్షరం నేర్చినవాళ్ళు చెప్పారు, నేర్వనివాళ్ళలో చాలామందికి చేతకాలేదు. వాళ్ళు జీవితమంతా ఆ భాషలో బేరాలాడినవాళ్ళు, కథలు చెప్పినవాళ్ళు. 1986లో చైనాలో జరిగిన ఇంకో అధ్యయనం మరింత పదునైనది. అక్కడ పరీక్షకి వచ్చినవాళ్ళందరూ చదువుకున్నవాళ్ళే. కానీ చైనా లిపి మాత్రమే నేర్చినవాళ్ళు మాటను ధ్వనులుగా విడదీయలేకపోయారు, చిన్నప్పుడు రోమను అక్షరాలతో ఉచ్చారణ నేర్చినవాళ్ళు విడదీయగలిగారు. అంటే ధ్వనులు తెలిసినందువల్ల అక్షరాలు వచ్చాయనుకుంటున్నాం గానీ, చాలా మేరకు అక్షరాలు వచ్చినందువల్ల ధ్వనులు విడిగా కనపడుతున్నాయి. భర్తృహరి అపోద్ధారం అన్నది దీన్నే. ముక్క ముందు లేదు, విడదీసే పని వల్ల పుట్టింది. ముక్కలు వస్తువులే అయితే వాటి లెక్కలో అందరికీ ఒకే సంఖ్య రావాలి కూడా. బ్రిటిష్ ఉచ్చారణకి 44 ధ్వనులని పాఠ్యపుస్తకాలు చెబుతాయి, అమెరికా ఉచ్చారణకి లెక్క తగ్గుతుంది, చకారం ఒక ధ్వనా, ట-ష కలిసిన రెండు ధ్వనులా అన్న దగ్గర పండితులకే మాట కలవదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. అక్షరం ముఖం చూడని పసిబిడ్డలకి కూడా ధ్వనుల తేడా తెలుస్తుంది కదా! కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన ప్రయోగం మనకి దగ్గరిది, ఎందుకంటే అందులో వాడిన ధ్వనుల్లో హిందీ టకార తకారాలు ఉన్నాయి. ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన బిడ్డలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో ఆ రెండింటికీ తేడా పట్టుకున్నారు. ఏడాది నిండే సమయానికి, ఇంగ్లీషులో ఆ తేడా అక్కరకు రాదు కాబట్టి, దాదాపు అందరూ పోగొట్టుకున్నారు. మరి లేని వస్తువును బిడ్డ ఎలా విన్నాడు? నా జవాబు: బిడ్డ విన్నది ముక్కను కాదు, తేడాను. పతంజలి ఇక్కడే మళ్ళీ దారి చూపిస్తాడు. కూపం అంటే బావి, సూపం అంటే పప్పు, యూపం అంటే యజ్ఞంలో పశువును కట్టే స్తంభం. మొదటి వర్ణం ఒక్కటి మారితే బావి పప్పవుతోంది, పప్పు స్తంభమవుతోంది. అయితే కకారానికి బావి అనే అర్థం ఉందా? ఉంటే మిగిలిన ‘ఊప’కి మూడు మాటల్లోనూ ఒకే అర్థం ఉండాలి, లేదు. రథం చక్రాలూ ఇరుసూ విడగొట్టి పెడితే ఏదీ నడవదు, కూర్చితే రథం నడుస్తుంది, వర్ణాలూ అంతే అంటాడాయన. భాషలో ఉన్నవి తేడాలే అని 20వ శతాబ్దం మొదట్లో భాషాశాస్త్రవేత్త సొస్యూర్ చెప్పినది యూరప్‌కి కొత్త కావచ్చు. సంస్కృతంలో షష్ఠీ విభక్తి ప్రయోగం మీద డాక్టరేట్ గ్రంథం రాసిన సొస్యూర్‌కి అది ఎంత కొత్తో చెప్పడం కష్టం.

తేడా నిజం, ముక్క ఆ తేడాకి మనం పెట్టుకున్న గుర్తు. ఈ ఒక్క మాట ఒప్పుకుంటే తరగతిలో పని మారుతుంది. వర్ణాన్ని ఒంటరిగా, ‘ఇది ఫలానా ధ్వని, నోరు ఇలా పెట్టు’ అని నేర్పడం కంటే, రెండు మాటలు పక్కపక్కన పెట్టి ఏది బావి, ఏది పప్పు అని అడగడం ముఖ్యమవుతుంది. తెలుగు పిల్లలకి ఇంగ్లీషులో కష్టమయ్యేవి ఏవో చూడండి. పడమరను చెప్పే మాటనూ, లోపల తొడుక్కునే బనీనును చెప్పే మాటనూ మనం రెండింటినీ ‘వెస్ట్’ అనే రాస్తాం, అలాగే వింటాం. ఇంగ్లీషులో మొదటిది రెండు పెదవులూ ముందుకి చుట్టి అనాలి, రెండోది పై పళ్ళు కింది పెదవికి ఆనించి అనాలి. ‘పిన్’ అనేటప్పుడు ఇంగ్లీషువాళ్ళు పకారం వెంట గాలి ఊదుతారు, ‘స్పిన్’లో ఊదరు. చదువుకున్న తెలుగు చెవికి ఇది పలానికీ ఫలానికీ ఉన్నంత తేడా, ఇంగ్లీషు చెవికి ఇదొక తేడాగానే తోచదు. అయినా ఆ గాలి లేకుండా మనం ‘పిన్’ అంటే వాళ్ళకి ‘బిన్’ అని, అంటే చెత్తబుట్ట అని వినపడే అవకాశం ఉంది. విచిత్రమేమంటే ఆ ఊదిన పకారానికి మన వర్ణమాలలో అక్షరమే ఉంది. కాకపోతే ఇప్పుడు ఫకారాన్ని పళ్ళూ పెదవీ కలిపి ‘ఫ్యాన్’లో లాగా చదవడం అలవాటై, ఉన్న సొత్తును పోగొట్టుకుంటున్నాం. ఇక ‘పెన్’కీ ‘ప్యాన్’కీ ఉన్న తేడా. ‘వచ్చాడు’ అన్నప్పుడు చా మీద మనం పలికే అచ్చు ‘చాప’లోని ఆకారం కాదు, ‘ప్యాన్’లోని అచ్చుకి దగ్గరిది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి దాన్ని ఆధునిక తెలుగులో వేరే వర్ణంగానే లెక్కపెట్టారు. లిపిలో దానికి గుర్తు లేదు కాబట్టి మన దగ్గర అది లేదనుకుంటున్నాం. పిల్లవాడి నోట్లో ఉన్నదే అతనికి చూపించవలసిన చోట, లేనిదేదో కొత్తగా ఎక్కిస్తున్నట్టు నేర్పుతున్నాం.

మాటల నిర్మాణానికి వస్తే ఇదే వాదం ఇంకో మెట్టు మీద నడుస్తుంది. చెట్టుకి చెట్లు, కన్నుకి కళ్ళు, గుర్రానికి గుర్రాలు. బడి మెట్టు ఎక్కకముందే తెలుగు పిల్లలు ఇవి అంటారు. అంతేకాదు, కారు వస్తే కార్లు, టికెట్టు వస్తే టికెట్లు అంటారు, ఎవరూ నేర్పకుండానే. 1958లో జీన్ బెర్కో ఇంగ్లీషు పిల్లలకి ‘వగ్’ అనే లేని పిట్ట బొమ్మ చూపించి, రెండుంటే ఏమంటారని అడిగితే నాలుగైదేళ్ళవాళ్ళు కూడా చివర జకారం లాంటి ధ్వని చేర్చి బహువచనం చెప్పారు. ఇది చూపించి, ప్రత్యయం పిల్లల మనసులో నిజంగా ఉంది కాబట్టి భర్తృహరి తప్పు అనేవాళ్ళుంటారు. కానీ పిల్లవాడి దగ్గర ఉన్నది ‘లు’ అనే ముక్కా, లేక చెట్టుకీ చెట్లకీ ఉన్న పోలికా? ముక్కే అయితే ‘చెట్టులు’ అనాలి. తెలుగులో ఇంకో సాక్ష్యం ఉంది. మొట్టమొదట, చిట్టచివర, నట్టనడుమ, పట్టపగలు. ‘మొట్ట’ అంటే ఏమిటి? ఒంటరిగా ఏమీ కాదు. మొదట అన్న మాట రెండుసార్లు వచ్చి, మొదటిదానికి రూపం మారి ‘మొట్ట’ అయిందని వ్యాకరణం విడదీసి చూపిస్తుంది. చాలా అందమైన వివరణ. కానీ ‘మొదట మొదట’ అనబోయి ‘మొట్టమొదట’ అన్నవాడు తెలుగునేల మీద ఒక్కడూ లేడు. వివరణ నిజమే, ఆ ముక్క మాత్రం వివరించేవాడి బల్ల మీదే ఉంది.

అయితే ఇంగ్లీషు విషయంలో మాటల నిర్మాణం నేర్పడం అలంకారం కాదు, అవసరం. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన బడుల్లో పూర్తిగా వదిలేసిన భాగం ఇదే. ఎలా పలుకుతామో అలా రాసే లిపి నుంచి వచ్చిన పిల్లవాడికి, ఇంగ్లీషు కూడా అలాగే అని ఫోనిక్స్ ఒక వాగ్దానం చేస్తుంది. రెండో తరగతికల్లా ఆ వాగ్దానం చెడిపోతుంది. ‘సైన్’ అనే మాటలో జీ అక్షరం ఎందుకుందో టీచరు చెప్పదు, ‘అది అంతే, బట్టీ పట్టు’ అంటుంది. ‘సిగ్నేచర్’, ‘సిగ్నల్’ పక్కన పెడితే ఆ జీ మోగుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగు ధ్వనిని వదిలిపెట్టిన చాలా చోట్ల చుట్టరికాన్ని పట్టుకుని ఉంటుంది. నయమవడం అనే అర్థమున్న ‘హీల్’, స్పెల్లింగు చెక్కుచెదరకుండా ‘హెల్త్’లో కూర్చుని ఉంది, పలుకు మాత్రమే మారింది. ‘జంప్’, ‘ప్లే’, ‘వాంట్’ అనే క్రియలకి భూతకాలంలో వినపడేది మూడు రకాలు, మొదటిదానికి ట్, రెండోదానికి డ్, మూడోదానికి ఇడ్. రాసేది మూడింటికీ ఒకే ఈ-డీ. నోరు వేరు, నిర్మాణం ఒకటి, స్పెల్లింగు నిర్మాణం వైపు నిలబడింది. ఇది తెలిసిన పిల్లవాడికి ఇంగ్లీషు పిచ్చి భాషలా కాక, వేరే నియమం పాటించే భాషలా కనపడుతుంది. దుఃఖమేమిటంటే ఇందుకు కావలసిన బుద్ధి మన పిల్లల్లో ముందే తయారై ఉంది. తెలుగు పీరియడ్‌లో ‘విద్యాలయం విడదీయండి’ అంటే తరగతి అంతా విద్య, ఆలయం అంటుంది. గంట కొట్టి ఇంగ్లీషు పీరియడ్ మొదలవగానే ఆ తెలివి సంచిలోకి పోతుంది. ‘అన్‌హ్యాపీనెస్ విడదీయండి’ అని అడిగేవాళ్ళు లేరు. సంధి సమాసాలు తెలుగు మార్కుల కోసమనీ, ఇంగ్లీషు స్పెల్లింగు బట్టీ కోసమనీ రెండు గదులు కట్టుకున్నాం.

తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి ఉచ్చారణశాస్త్రాన్ని ఆరు మాటల్లో చెప్పింది: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం. వర్ణం ఆరింట్లో ఒకటి. తరవాత హెచ్చుతగ్గులు, నిడివి, ఊనిక, సమత, మాటకి మాట అతుక్కునే తీరు. కృష్ణయజుర్వేదం చదివే తెలుగు ఇళ్ళలో తరతరాలుగా వల్లెవేసిన ఈ పాఠాన్ని ఇంగ్లీషు తరగతి గుర్తుచేసుకుంటే బాగుండును. అక్కడ వర్ణం దగ్గరే పాఠం ఆగిపోతోంది. ఇంగ్లీషు ప్రాణం బలంలో ఉంది. ‘రికార్డ్’ అన్న మాటలో ఊనిక ముందు పడితే నామం, వెనక పడితే క్రియ. ‘గ్రీన్‌హౌస్’లో మొదటి భాగం మీద ఊనిక పడితే మొక్కలు పెంచే అద్దాల ఇల్లు, రెండో మాట మీద కూడా పడితే ఆకుపచ్చ రంగు వేసిన ఇల్లు. ఊనికా నిర్మాణమూ ఇలా ఒకదానికొకటి ముడిపడి ఉండడం మనకి కొత్తేమీ కాదు. ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని త్వష్ట యజ్ఞం చేసి, ‘ఇంద్రశత్రు’ అన్న సమాసంలో స్వరం తప్పాడట. తత్పురుషం కావలసినది బహువ్రీహి అయింది, ఇంద్రుణ్ణి చంపేవాడు కావలసిన వృత్రుడు ఇంద్రుడి చేతిలో చచ్చేవాడయ్యాడు. వర్ణాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్కటీ తప్పలేదు. హైదరాబాదులో 1958లో పెట్టిన కేంద్ర ఆంగ్ల సంస్థ తరఫున ఆర్.కె. బన్సాల్ 1969లో ప్రచురించిన అధ్యయనం, భారతీయుల ఇంగ్లీషు ఇతరులకి అర్థం కాకపోవడానికి గల కారణాల్లో ఊనిక తప్పడాన్ని ముఖ్యంగా చూపించింది. యాభై ఏళ్ళు దాటాయి. పిల్లల పుస్తకాల్లో ఇప్పటికీ యాపిల్ బొమ్మ, బంతి బొమ్మ, వాటి కింద ఒక్కో అక్షరం.

ముక్కలు నిజం కానప్పుడు వాటిని నేర్పడమెందుకు, అఖండాన్నే అఖండంగా ఇవ్వవచ్చు కదా అని అడుగుతారు. ఇది సబబైన ప్రశ్న, దీనికి జవాబు నేర్చుకునేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడన్న దాన్నిబట్టి ఉంటుంది. ఇంట్లో, వీధిలో, బస్సులో రోజంతా భాష చుట్టూ ప్రవహిస్తున్న బిడ్డ అపోద్ధారం తనే చేసుకుంటాడు, కార్లు అనీ టికెట్లు అనీ చేసుకున్నట్టు. రోజుకి నలభై నిమిషాల పీరియడ్ తప్ప ఇంగ్లీషు చెవిన పడని పిల్లకి అంత ప్రవాహం ఎక్కడిది? తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించాక ఆ పిల్ల లెక్కలూ సైన్సూ కూడా ఆ భాషలోనే ఎదుర్కొంటోంది. మాటను మొత్తంగా పట్టుకో అని ఆమెకి చెప్పడం, ఈత రానివాడికి నది అంతా నీదే అని చెప్పడంలాంటిది. అమెరికాలో 2000 సంవత్సరపు జాతీయ పఠన నివేదిక, క్రమపద్ధతిలో ధ్వనులు నేర్పితే చదువు మెరుగుపడుతుందని తేల్చింది. ఇంట్లో వేరే భాష ఉండి ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల గురించి ప్రత్యేకంగా 2006లో వచ్చిన నివేదిక అదే మాట వాళ్ళకీ వర్తిస్తుందని ఒప్పుకుంటూనే, ఇంకో మాట చేర్చింది: మాట్లాడే ఇంగ్లీషు పెరగకపోతే ఈ ముక్కల చదువు చాలదు, అర్థం దగ్గర ఆగిపోతుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్ళ పిల్లలకి బడి గోడ దాటగానే ఆ రెండోది దొరుకుతుంది. ఆదిలాబాదు పల్లెలో దొరకదు. అందుకే ఇక్కడ ముక్కలూ నేర్పాలి, ముక్కల్లోంచి బయటికి తీసుకురావడమూ నేర్పాలి.

నిజం కానిదాన్ని నిజమన్నట్టు నేర్పడం మోసం కాదా అన్నది ఇంకో అభ్యంతరం. భర్తృహరి దీన్ని దాటవేయలేదు. ఈ విభాగాలన్నీ నేర్చుకునే పసివాళ్ళకి ఉపాయాలని, అసత్యమైన దారిలో నిలబడే సత్యాన్ని చేరుకుంటారని ఆయన ఒప్పుకున్నాడు. చిన్నయసూరి తన గొప్ప వ్యాకరణానికి బాలవ్యాకరణమని పేరు పెట్టినప్పుడు ఆ వినయం తెలుగులోకీ వచ్చింది. మన పెళ్ళిళ్ళలో అరుంధతిని చూపించే తంతు ఉంది. ఆ నక్షత్రం సన్నటిది, చూపుకి ఒక పట్టాన ఆనదు. ముందు దాని పక్కనున్న పెద్ద నక్షత్రాన్ని చూపించి, అది కనపడ్డాక, అది కాదు, దాని పక్కన చూడమంటారు. శాస్త్రాల్లో దీన్నే అరుంధతీన్యాయం అన్నారు. పెద్ద నక్షత్రాన్ని చూపించినవాడు అబద్ధం చెప్పలేదు, రెండో మాట చెప్పడం మాత్రం మానకూడదు. ఫోనిక్స్ తరగతుల మీద నాకున్న ఫిర్యాదు ముక్కలు నేర్పుతున్నారని కాదు, రెండో మాట చెప్పడం లేదని. ‘క్, యా, ట్’ దగ్గరే చూపు నిలిపి, పిల్లలకి ‘క్యాట్’ అన్న మాటనూ, ఆ మాట ఉన్న వాక్యాన్నీ చూపించకుండానే ఏడాది ముగిస్తున్నారు. చెక్‌లిస్టులో 44 ధ్వనులూ టిక్కు పడ్డాయి, పిల్ల నోట ఒక వాక్యం రాలేదు.

చివరగా తప్పు గురించి. త్వష్ట కథ మనలో ఒక భయాన్ని కూడా నాటింది, ఉచ్చారణ తప్పితే పాపమని. తెలుగులో శిక్ష అన్న మాట చదువునీ దండననీ రెండింటినీ చెప్పడం ఆ భయానికి తోడైంది. కానీ త్వష్ట కథ గుర్తుచేసిన పతంజలే ఇంకో కథా చెప్పాడు, అది మనం మరిచిపోయాం. ‘యద్వానః, తద్వానః’ అనవలసినచోట ‘యర్వాణః, తర్వాణః’ అనే ఋషులు కొందరుండేవారట, ఆ పలుకే వాళ్ళకి పేరైపోయింది. వాళ్ళు తత్త్వం ఎరిగినవాళ్ళు, పూజ్యులు. యజ్ఞంలో మాత్రం సరిగ్గా పలికేవారు, మామూలు మాటల్లో వాళ్ళ పలుకు వాళ్ళదే, దానికి దోషం అంటలేదు. భాషావేత్త జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో రాసిన పుస్తకంలో, వేర్వేరు మాతృభాషలవాళ్ళు ఇంగ్లీషులో ఒకరినొకరు అర్థం చేసుకోవడానికి ఏ ధ్వనులు తప్పనిసరో, ఏవి కావో వేరు చేసి చూపించింది. ‘థింక్’లో నాలుక పళ్ళ మధ్యకి రాకపోయినా కొంప మునగదు. మొదటి పకారం వెంట గాలి, అచ్చుల నిడివి, హల్లులు మింగకుండా పలకడం ముఖ్యం. ఏది యజ్ఞమో, ఏది మామూలు మాటో తెలుసుకోవడం అంటే ఇదే. తప్పును భర్తృహరి చూసిన తీరు ఇంకా దయగలది. చీకట్లోనో దూరం నుంచో ఒక వస్తువును మొదట ఇంకోలా చూసి, చూస్తూ చూస్తూ ఉన్నదున్నట్టు పట్టుకుంటాం. మొదటి తప్పు చూపే చివరి సరైన చూపుకి మెట్టు.

ఒక పిల్ల నోటుపుస్తకంలో ‘జంప్’ అన్న క్రియకి భూతకాలం రాస్తూ చివర ఈ-డీ బదులు టీ అక్షరం ఒక్కటే పెట్టిందనుకుందాం. ఆమె చెవి తప్పు వినలేదు, అక్కడ పలికేది టకారమే. ఉచ్చారణ పరీక్షయితే ఆమెకే మార్కులు పడాలి. ఎర్ర సిరాతో కొట్టేసే ముందు టీచరు ఆ మాట పక్కన ‘ప్లే’, ‘వాంట్’ రూపాలు కూడా రాసి మూడూ ఆమె చేత గట్టిగా చదివించవచ్చు, చివర వినపడేది మూడింట్లోనూ ఒకటేనా అని అడగవచ్చు, కాదని ఆమే చెప్పాక, అయితే రాసేటప్పుడు మూడింటికీ ఒకే తోక ఎందుకు పెట్టారంటావు అని అడిగి, ఆమె ఆలోచించుకునేదాకా ఆగవచ్చు.